డీజిలు అమ్మేటోడు

కడపలో బుగ్గవంక పొంగి ఇండ్లమీదికి వచ్చిన ఏడాది అది. మా పెద్దముడియం పక్క కుందూ ఏరు కూడా చేలల్లోకి వచ్చి పోయింది. నీళ్ళు తీసిన తర్వాత వరద సాయం కోసం జమ్మలమడుగు ఆఫీసుల దగ్గర రెండు పార్టీల వాళ్ళూ పొద్దుగూకులూ కాచుకునేవాళ్ళు. మా పార్టీ పెద్ద సుంకిరెడ్డి కూడా రోజూ పోయేవాడు. తనవాళ్ళ పేర్లు ఎక్కించడానికి కొంత, అవతలివాళ్ళ పేర్లు ఎక్కకుండా చూడడానికి ఇంకొంత.

ఆయన బండి తోలేవాణ్ణి నేను. ఇంట్లో జీపును చిన్నబండి అనేవాళ్ళు కాబట్టి దీన్ని పెద్దబండి అన్నారు. డీజిలు బండి, తొమ్మిదిమంది పడతారు. పిల్లల్ని ప్రొద్దుటూరు బడిలో దింపడానికీ అదే, ఆడవాళ్ళు చీరలకూ నగలకూ పోవడానికీ అదే, రెడ్డి కోర్టుకు పోవడానికీ అదే. తలుపుల లోపల ఇనుపరేకులు బిగించి ఉండేవి. వెనక సీటు కింద ఒక గోతం ఉండేది. అందులో ఏముందో పిల్లలకు కూడా తెలుసు. కాళ్ళు దానికి తగలకుండా సీటు మీదికి ముడుచుకుని కూర్చునేవాళ్ళు.

వరద తర్వాత బండి డీజిలు ఎక్కువ తాగడం మొదలుపెట్టింది. ఆ సంగతి మొదట పట్టుకున్నది మల్లేశ్వరరెడ్డి. సుంకిరెడ్డికి బామ్మర్ది. ఏదో కాంట్రాక్టు ఆఫీసులో లెక్కలు చూసి చూసి, అక్కడ పొసగక, బావ టిప్పర్లను చూసుకుంటానని వచ్చి మా రెడ్డి ఇంట్లో దిగాడు. టిప్పర్లు చూడడం అయిపోయి పెద్దబండి మీద పడ్డాడు.

ఒకరోజు పొద్దున వాకిట్లో అందరూ ఉండగా నన్ను పిలిచాడు.

"ఏంరా ఓబులేసూ, డీజిలు బండి తాగుతాందా, నువ్వు తాగుతాండావా?"

నేను బండి తుడిచే గుడ్డ భుజాన వేసుకుని ముందుకు వచ్చాను.

"నిన్నే అడిగేది. పోయినేడు లీటరుకు పన్నెండు ఇచ్చిన బండి, ఇప్పుడు ఏడిస్తాంది. తక్కినది యాడికి పోతాంది?"

"తెలీదప్పా."

"తెలీదంట. ట్యాంకు మూత తీసేది నువ్వు, పెట్టేది నువ్వు. నీకు తెలీకుంటే మా అక్కకు తెలుసునా?"

ఎవరో నవ్వారు. మల్లేశ్వరరెడ్డి నవ్వలేదు. కండువా దులిపి భుజాన వేసుకుని, సుంకిరెడ్డికి వినపడేటట్టు అన్నాడు.

"బావా, ఒక మాట చెప్తా విను. డీజిలు అమ్మేటోడు దోవ అమ్మడా?"

వాకిట్లో నవ్వినవాడు కూడా తల దించుకున్నాడు.

ఆ మాటకు మా దగ్గర ఏం అర్థమో చెప్పాలి. సుంకిరెడ్డి పోయిన దారిలో తిరిగి వచ్చేవాడు కాదు. ఏ దారిన పోవాలో బండి ఎక్కి తలుపు వేసిన తర్వాతే నాకు చెప్పేవాడు. భార్యకు చెప్పడు, బామ్మర్దికి చెప్పడు. దోవ తెలిసేది డ్రైవరుకు ఒక్కడికే. అవతలి పార్టీవాళ్ళు కొనాలనుకుంటే కొనవలసినది కూడా ఆ డ్రైవర్నే. నాకు ముందు లక్ష్మయ్య అని ఒకడు తోలేవాడు. వాడు కూడా డీజిలు తీస్తున్నాడనే మొదలైంది. తర్వాత దోవ అమ్మాడన్నారు. ఆ తర్వాత పెన్న ఇసుకలో దొరికాడు. వాడి పెండ్లాం ఊరు విడిచిపోయింది. ఎవరు చంపారని ఎవరూ అడగలేదు.

సుంకిరెడ్డి నా మొహం చూశాడు. "ముందు బండి మెకానిక్కుకు చూపియ్యండి" అన్నాడు. "బండిదే తప్పయితే సరే." బండిది కాకపోతే ఏమిటో ఆయన చెప్పలేదు.

ప్రొద్దుటూరులో మైదుకూరు దారిన కమాల్ బాషా షెడ్డు ఉంది. మల్లేశ్వరరెడ్డి నా పక్కనే కూర్చుని వచ్చాడు. షెడ్డులో స్టూలు తెప్పించుకుని, బండికి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. కమాల్ బాషా బానెట్టు ఎత్తి, గాలి ఫిల్టరు తీసి నేలకేసి కొట్టాడు. నాపరాళ్ళ దుమ్ము తెల్లగా రాలింది.

"ఇది ఫిల్టరా, సిమెంటు మూటా మామా? ఇంజనుకు గాలి ఆడేది యాడ?"

తర్వాత ఒక్కో చక్రానికి చెయ్యి ఆనించి చూశాడు. ఎడమ వెనక చక్రం దగ్గర చెయ్యి కాలి చటుక్కున తీసుకున్నాడు. జాకీ పెట్టి ఎత్తి తిప్పితే తిరగలేదు. వరద నీళ్ళలో తోలినప్పుడు హ్యాండ్‌బ్రేకు వైరు తుప్పుపట్టి బిగుసుకుపోయిందట. బ్రేకు వేసుకునే బండి పరిగెత్తుతోందన్నమాట.

"ఎద్దుకు కాళ్ళు కట్టి అరక దున్నినట్లుంది" అన్నాడు కమాల్ బాషా. తర్వాత టైర్లు నొక్కాడు. "గాలి సగమే ఉంది. ఎందుకింత తక్కువ పెట్టినావు?"

నేను మల్లేశ్వరరెడ్డి వైపు చూశాను. ఆయన కండువా సర్దుకున్నాడు.

"గట్టిగా పెడితే గతుకుల్లో వెనక గోతం ఎగురుతాది" అన్నాను.

కమాల్ బాషా కాసేపు వెనక సీటు వైపు చూసి, రెండు చెవులూ పట్టుకున్నాడు. "తోబా తోబా. నువ్వు చెప్పలే, నేను విన్లే. రెడ్డీ, ఆ మూట దించుకుంటే బరువు కూడా తగ్గుతాది."

"అది దించేది కాదు. నీ పని నువ్వు చూసుకో" అన్నాడు మల్లేశ్వరరెడ్డి.

ఇంజనులోకి డీజిలు చిమ్మే నాజిళ్ళు కూడా విప్పాడు. రెండు నాజిళ్ళు డీజిలు చల్లకుండా కారుస్తున్నాయి. వాటిని మార్చాడు. వైరు మార్చాడు, ఫిల్టరు మార్చాడు, గాలి సరిగ్గా పెట్టాడు. గోతం ఎగరకుండా పాత టైరు ట్యూబు ముక్కలతో సీటు కాళ్ళకు కట్టాడు. కట్టేటప్పుడు మాత్రం షెడ్డులో పనివాళ్ళందర్నీ బయటికి పొమ్మన్నాడు.

మర్నాడు ట్యాంకు మెడదాకా పోయించి, మల్లేశ్వరరెడ్డి నన్ను పులివెందులకు తోలమన్నాడు. అక్కడ ఆయనకు పార్టీవాళ్ళతో ఏదో పని. జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పోయాం. దారి పొడుగునా ఆయన డీజిలు మీటరు ముల్లు వైపు చూస్తున్నాడు, నేను దారి వైపు చూస్తున్నాను. పులివెందులలో ఆయన లోపలికి పోతే నేను బండి ఆపి, అద్దాలు దించి, సీటు వాల్చుకుని పండుకున్నాను. మధ్యాహ్నం దాటాక తిరుగుముఖం పట్టాం. మళ్ళీ అదే బంకులో మెడదాకా పోయించి చూస్తే పన్నెండుకు కొంచెం పైనే వచ్చింది.

"శబాష్ రా!" అని బానెట్టు మీద తట్టాడు. నా గుండె మీది రాయి దిగింది. ఇంటికి వచ్చేలోపల, తాను పక్కన ఉన్నందుకే నేను డీజిలు తీయలేదేమోనని ఆయనకు అనుమానం పట్టినట్టుంది. దిగేటప్పుడు నన్ను కొత్తగా చూశాడు.

ఆ తర్వాత రోజూ పొద్దున బంకు దగ్గర ఆయనే నిలబడి పోయించేవాడు. ఆడవాళ్ళు ప్రొద్దుటూరు పోయిన రోజు పన్నెండు వచ్చింది. సుంకిరెడ్డి జమ్మలమడుగు పోయిన రోజు ఎనిమిది వచ్చింది. మళ్ళీ పోతే మళ్ళీ ఎనిమిదే.

వాకిట్లో మళ్ళీ పిలుపు. ఈసారి సుంకిరెడ్డి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మల్లేశ్వరరెడ్డి నిలబడి ఉన్నాడు.

"బావా, నేను కూచుంటే పన్నెండు. అక్క కూచుంటే పన్నెండు. నువ్వు కూచుంటేనే ఎనిమిది. బండికి నీమీద పగా? నువ్వు మనుషుల్ని తీసుకుని ఆఫీసు లోపలికి పోతావు. వీడు బయట ఒంటరిగా ఉంటాడు. అప్పుడు తీస్తాండాడు. తీసుకునేవాడు ఎవడో వాడు ఉట్టి డీజిలు కోసరమే వస్తాండాడని నమ్ముతావా?"

"ఓబులేసూ" అన్నాడు సుంకిరెడ్డి.

"తీయలేదు రెడ్డీ."

"మరి యాడికి పోతాంది?"

"ఇంకొకసారి కమాల్ బాషాకు చూపిచ్చుకొస్తా."

"ఎన్నిసార్లు చూపిస్తావురా, పెండ్లికూతురా అది?" అన్నాడు మల్లేశ్వరరెడ్డి.

మర్నాడు ఆడవాళ్ళను చీరల బజారులో దింపి నేను షెడ్డుకు పోయాను. కమాల్ బాషా మళ్ళీ అంతా చూశాడు. చక్రాలు చల్లగా ఉన్నాయి. నాజిళ్ళు బాగున్నాయి. పైపులు చేత్తో తడిమితే తడి తగల్లేదు. బండి కింద నుంచి బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"రెడ్డి ఆఫీసులోకి పోయినాక నువ్వేం చేస్తావు మామా?"

"బండ్లోనే కూచుంటా."

"బండి?"

"నడుస్తానే ఉంటాది."

చేతులు తుడిచే గుడ్డ ఆగిపోయింది. "ఎంతసేపు?"

"ఆయన వచ్చేదాకా."

"పొద్దున పోతే మాపటికి వస్తాడు కదా ఆయన! అంతసేపూ ఇంజను ఆడతానే ఉంటాదా?"

"ఊ."

"ఎవరు చెప్పినారు నీకు ఆపొద్దని?"

ఎవరు చెప్పారో నాకు గుర్తు రాలేదు. ఎవరూ చెప్పలేదు. సుంకిరెడ్డి నాయన జమ్మలమడుగు కోర్టు ముందర చనిపోయాడు. అవతలివాళ్ళు మీదికి వస్తుంటే పరిగెత్తి వచ్చి జీపు ఎక్కాడు. జీపు స్టార్టు కాలేదు. ముందు సీట్లోనే నరికారు. అప్పటి నుంచి ఆ ఇంట్లో రెడ్డి దిగిన బండి ఆపరు. నేను పనిలో చేరిన కొత్తలో లక్ష్మయ్య పక్కన కూర్చుని అది చూశాను, అట్లాగే చేశాను. ఆడవాళ్ళు దిగితే ఆపుతాను. పిల్లలు దిగితే ఆపుతాను. మల్లేశ్వరరెడ్డి దిగినా ఆపుతాను. రెడ్డి దిగితే ఆపను. గుళ్ళోకి పోతూ చెప్పులు విడిచినట్టు, ఆలోచించి చేసే పని కాదది. లక్ష్మయ్య కాలంలో కోర్టు వాయిదాలకు పొద్దంతా కూర్చునేవాడు గాని, ముందు ఏడాది ఆయన ఎక్కడికి పోయినా నిలబడిన కాళ్ళమీద తిరిగి వచ్చేవాడు. ఈ వరద సాయం వచ్చాకే ఆఫీసుల్లో పొద్దంతా కూర్చోవడం.

"నిలబడి ఆడే ఇంజను కూడా తాగుతాది మామా" అన్నాడు కమాల్ బాషా. "మీటరు తిరగదు, ట్యాంకు మాత్రం దిగుతాది. ఇంక మైలేజీ యాడిది? దీనికి నా కాడ పానా లేదు. పోయి రెడ్డికి చెప్పు."

"ఏమని?"

కమాల్ బాషా బజారు వైపు ఒకసారి చూశాడు.

"నిజమే. ఏమని చెప్తావు? రెడ్డీ, నువ్వు భయపడేదానికి డీజిలు అయిపోతాందని చెప్తావా, వాకిట్లో అంతమంది ముందర?" గొంతు తగ్గించాడు. "నా పేరు మాత్రం తీయగాకు. నాకుండేది ఈ షెడ్డు ఒక్కటే."

నేను ఆ మాట మగవాళ్ళ దగ్గర ఎత్తలేదు. సుంకిరెడ్డి తల్లి వెంకటలక్ష్మమ్మ దగ్గరికి పోయాను. ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు. పెరట్లో పొద్దు వాలిన నీడలో కూర్చుని కందులు చెరుగుతోంది. నేను చెప్పింది రెండే మాటలు. ఆమె చేట ఆపలేదు.

"నాకు తెలుసులేరా" అంది.

నేను చేట ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"ఇంజను ఆడితే డీజిలు అయిపోతాదని తెలీనిదాన్నా? మా ఇంటాయన్ను ఆ జీపులోంచి దించినదాన్ని నేను."

"అయితే మల్లేశ్వరరెడ్డికి ఒక్క మాట చెప్పమ్మా."

"ఏమని చెప్పేది? నా కొడుకు ఆఫీసులో కూచుంటే బయట ఇంజను కాపలా ఉండాల, లేకుంటే లోపల కాళ్ళు నిలబడవు అని చెప్పాల్నా? వాడు నా కోడలి తమ్ముడు. వాని నోట్లో పడితే పులివెందుల దాకా పోతాది. అవతలోళ్ళకు తెలిస్తే ఇంక నా కొడుకును చూసి ఎవడు లేచి నిలబడతాడు? నువ్వు దొంగవైతే ఒక డ్రైవరు పోతాడు. నా కొడుకు భయస్తుడైతే ఈ కొంపే పోతాది."

పొట్టు గాలికి నా కాళ్ళమీద పడింది.

"రేపు పొద్దున మల్లేశ్వరుని కాళ్ళు పట్టుకో. ఆశపడి తీసినా, తప్పయిందని చెప్పు. పనిలోంచి తీసేస్తారు, పో. పానం జోలికి రాకుండా చూసేది నాది."

"తీయంది తీసినానని ఎట్ల చెప్పాలమ్మా?"

"లక్ష్మయ్యకు కూడా ఇదే చెప్పినా" అంది ఆమె, చేట ఒకసారి తట్టి. "వాడు వినలా."

నేను ఇంటికి వచ్చి గురవమ్మను మూట కట్టమన్నాను. నా పెండ్లామిది పులివెందుల పక్క వేముల. పొద్దున మొదటి బస్సుకు పుట్టింటికి పొమ్మన్నాను.

"నువ్వు?"

"వస్తా."

"ఇప్పుడే ఇద్దరం పోదాం రా. ఎవురికి చెప్పల్ల?"

"చెప్పకుండా పోతే దోవ అమ్మినోడు పరిగెత్తినాడంటారు. వేములకు కూడా వస్తారు."

ఆమె నన్నూ, రెడ్డినీ, రెడ్డి వంశాన్నీ తిడుతూ చీరలు మూట కట్టింది. దొంగనని ఒప్పుకున్నా నన్ను విడిచిపెట్టరు. ఈరోజు డీజిలు అని ఒప్పుకుంటే, రేపు అవతలివాళ్ళు ఎక్కడ రాళ్ళు విసిరినా ఆ దోవ నేనే అమ్మానంటారు. ఒప్పుకోకపోతే లక్ష్మయ్య. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

మర్నాడు పొద్దున గురవమ్మను బస్సు ఎక్కించి రెడ్డి ఇంటికి పోయాను. వెంకటలక్ష్మమ్మ వసారాలో నిలబడి నా వైపే చూస్తోంది. మల్లేశ్వరరెడ్డి కాళ్ళు నాకు మూడు బారల దూరంలో ఉన్నాయి. నేను బండి తుడిచాను. స్టార్టు చేశాను.

"ఈరోజు నేనూ వస్తా" అన్నాడు మల్లేశ్వరరెడ్డి. "వీని పక్కనే కూచుని, ట్యాంకులో గొట్టం ఎవడు పెడతాడో చూస్తా. జమ్మలమడుగు నుంచి వచ్చినాక వీడు తాళాలిచ్చేస్తాడు. ఆ తర్వాత సంగతి తర్వాత."

సుంకిరెడ్డి వెనక ఇద్దరు మనుషుల మధ్య కూర్చుని ఏ దారిన పోవాలో చెప్పాడు.

మండలాఫీసు ముందర బండ్లు, సైకిళ్ళు, జనం. ఎదురుగా టీ అంగడి బెంచీల మీద అవతలి పార్టీవాళ్ళు కూర్చుని ఉన్నారు. రోజూ కూర్చునేవాళ్ళే. సుంకిరెడ్డి దిగి పంచె సవరించుకుని, మనుషులు చెరొకపక్క రాగా మెట్ల వైపు నడిచాడు. జనం దారి ఇచ్చారు. మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

నేను తాళం తిప్పేశాను.

ఇంజను ఆగింది. అంతవరకూ వినపడని టీ గ్లాసుల చప్పుడు వినపడింది. సుంకిరెడ్డి రెండో కాలు మెట్టు ఎక్కలేదు. వెనక్కి తిరగకుండానే చెయ్యి నడుము దగ్గరికి పోయింది. మనుషులిద్దరూ చటుక్కున బండి వైపు తిరిగారు. బెంచీ మీద ఒకడు టీ గ్లాసు పక్కన పెట్టి లేచాడు.

సుంకిరెడ్డి తిరిగి వచ్చాడు. పరిగెత్తలేదు గాని నడవనూ లేదు. నా పక్క కిటికీ దగ్గర వంగాడు. మొహం మీద చెమట.

"ఏంరా, చెడిపోయిందా?"

"బాగుంది రెడ్డీ. నేనే ఆపినా."

"ఎందుకు?"

"డీజిలు మిగుల్తాదని."

ఆయన నా కండ్లలోకి చూశాడు. ఆ చూపులో నరికే కోపం ఉంది. అయితే చేతివేళ్ళు కిటికీ అంచును పట్టుకుని విడవడం లేదు. ఆ వేళ్ళను నేను చూశాను. నా పక్కన కూర్చున్న మల్లేశ్వరరెడ్డి కూడా చూశాడు.

"స్టార్టు చెయ్‌రా" అన్నాడు సుంకిరెడ్డి, మా ఇద్దరికే వినపడేటట్టు.

నేను స్టీరింగు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

టీ అంగడి దగ్గర ఇంకొకడు లేచాడు. సుంకిరెడ్డి గొంతు ఇంకా కిందికి దిగింది.

"ఓబులేసూ, నాయనా. నీకు దండం పెడతా. స్టార్టు చెయ్."

నేను మల్లేశ్వరరెడ్డి వైపు తిరిగాను.

"ఇదప్పా" అన్నాను ఆయనతో. "నువ్వు ఎతికే డీజిలు."

తాళం తీసి ఆయన చేతిలో పెట్టాను. తలుపు తీసుకుని దిగాను. సుంకిరెడ్డి పక్కకు జరిగి నాకు దారి ఇచ్చాడు. అప్పుడు ఆయన చూసేది నన్ను కాదు, బెంచీలను. మల్లేశ్వరరెడ్డి నా సీట్లోకి జరిగి తాళం దూర్చబోతే, అది చేతిలోంచి జారి కింద పడింది. "తొందరగా కానీరా" అని బావ అరిచాడు. ఈసారి అందరికీ వినపడింది.

నేను టీ అంగడి ముందరే పోయాను. వేరే దారి లేదు.

"ఏంరా, మీ బండి సచ్చిందా?" అన్నాడు అవతలివాళ్ళలో ఒకడు.

"నాది కాదప్పా" అన్నాను.

వెనక ఇంజను లేచింది. తాళం ఇంకా తిప్పి పట్టుకునే ఉన్నాడేమో, గరగరమని కీచుమంది. బస్టాండు దాకా ఇంజను చప్పుడు వినపడుతూనే ఉంది. డీజిలు ఎక్కడికి పోతోందో మల్లేశ్వరరెడ్డి కండ్లారా చూశాడు; నేను దోవ అమ్మి పరిగెత్తానని ఇంక అనలేడు. ముద్దనూరు మీద పులివెందుల పోయే బస్సు కదులుతుంటే ఎక్కి, వేములకు పోవాలని కండక్టరుకు చెప్పాను.